చెల్లించరాదు: మెడికేర్ చట్టంలో ఒక వాక్యానికి వ్యాఖ్యానం

1965 జూలై 30న మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ ఊళ్ళో, మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌ను పక్కన పెట్టుకుని లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. 65 ఏళ్ళు దాటినవాళ్ళ వైద్యం ఖర్చు ఇక ప్రభుత్వ బీమా చూసుకుంటుంది. ఏ ఖర్చు చూసుకుంటుంది, ఏది చూసుకోదు? దానికి ఆ చట్టం 1862వ సెక్షన్‌లో ఒక వాక్యం రాసి ఊరుకుంది. తెలుగులో దాని భావం ఇది:

జబ్బునో గాయాన్నో నిర్ధారించడానికి, నయం చేయడానికి, లేదా వికలమైన అవయవం పనితీరును మెరుగుపరచడానికి సముచితమూ అవసరమూ కాని సేవకు డబ్బు చెల్లించరాదు.

ఇప్పుడు మెడికేర్ కింద ఆరున్నర కోట్ల మందికి పైగా ఉన్నారు. అక్కడే స్థిరపడి పెద్దవాళ్ళయిన తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. గుండె కవాటాల నుంచి మతిమరుపు మందుల దాకా ఎన్నో వచ్చాయి గానీ ఈ వాక్యం మాత్రం అలాగే ఉంది. పాత వ్యాఖ్యాతలు పద్యాన్ని విప్పినట్టు దీన్ని విప్పి చూడవచ్చు. విప్పితే ఒక సంగతి బయటపడుతుంది. ఇందులో ఒక్కో మాట ఒక్కో రకం సాక్ష్యం అడుగుతోంది. ఒక మాటకు పనికొచ్చే సాక్ష్యాన్ని ఇంకో మాటకు జవాబుగా చూపినచోటల్లా రోగికో ఖజానాకో, ఎవరికో ఒకరికి దెబ్బ తగిలింది.

చెల్లించరాదు. అన్వయంలో క్రియే ముందు. ఈ వైద్యం చేయరాదని గానీ, ఈ మందు అమ్మరాదని గానీ ఇక్కడ అనలేదు. మందుకు అనుమతి ఇచ్చేది ఎఫ్‌డీఏ. మందు పనిచేస్తుందా, కీడు కంటే మేలు ఎక్కువా అని అది చూస్తుంది. మెడికేర్ చూడాల్సింది ఇంకొకటి ఉంది: మా దగ్గరున్న 80 ఏళ్ళ మనిషికి, ఆమెకున్న షుగరు, బీపీ, సగం పనిచేసే కిడ్నీలతో పాటు, దీనివల్ల మేలు జరుగుతుందా? ట్రయల్స్‌లో చేర్చుకునేవాళ్ళు సాధారణంగా అంతకంటే చిన్నవాళ్ళు, గట్టివాళ్ళు. అందుకే ఒకే కాగితాల కట్ట చూసి ఒక ఆఫీసు సరే అంటుంది, రెండో ఆఫీసు ఆగమంటుంది. బయటివాళ్ళకు ఇది ప్రభుత్వంలో కుడిచేతికీ ఎడమచేతికీ పడనట్టు కనిపిస్తుంది గానీ ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు.

ఈ మాట అనేది కూడా చాలాసార్లు వాషింగ్టన్ కాదు. దేశమంతటికీ వర్తించే నిర్ణయాలు తక్కువ. మిగతావన్నీ ప్రాంతాలవారీగా క్లెయిములు చూసే కాంట్రాక్టు కంపెనీలవే. కాబట్టి ఒకచోట దొరికిన చెల్లింపు ఇంకోచోట దొరకదు. ఈ కంపెనీలు ఎన్నో ఏళ్ళపాటు ప్రధానంగా ఆధారపడింది డాక్టర్లలో ఎక్కువమంది ఒప్పుకున్నారా లేదా అన్నదాని మీదే. పెద్దల సమ్మతి కూడా సాక్ష్యమే. కాకపోతే సాక్ష్యాలన్నిటిలో అది బలహీనం, అయినా అందరూ ఎక్కువగా వాడింది దాన్నే.

జబ్బును నిర్ధారించడానికి. స్కాన్ ఎవరినీ నయం చేయదు. అది డాక్టరుకు ఒక సంగతి చెబుతుంది, అంతే. మరి దానికి ఏ సాక్ష్యం అడగాలి? 2006లో క్యాన్సర్ పెట్ స్కాన్ల విషయంలో మెడికేర్ ఒక పద్ధతికి ఒప్పుకుంది. స్కాన్‌కు ముందు డాక్టరు ఒక ఫారం నింపాలి: స్కాన్ లేకపోతే ఈ రోగికి ఏం చేసేవారు? స్కాన్ అయ్యాక మరో ఫారం: ఇప్పుడేం చేస్తారు? ఈ జంట ఫారాలన్నీ ఒక జాతీయ రిజిస్ట్రీకి చేరాయి. లెక్క తీస్తే 36.5 శాతం కేసుల్లో డాక్టరు ఆలోచన మారింది. వైద్యం చేద్దామనుకున్నవారు ఆగారు, ఆగుదామనుకున్నవారు వైద్యానికి దిగారు. రోగి ఎక్కువకాలం బతికాడా అన్నది ఆ ఫారాల్లో లేదు. స్కాన్‌ను స్కాన్‌గా చూస్తే ఈ సాక్ష్యం చాలునని నా అభిప్రాయం. ఆలోచన మారాక చేసిన వైద్యం మంచిదా కాదా అన్నది ఆ వైద్యం తేల్చుకోవాల్సిన సంగతి.

నిర్ధారణ, చికిత్స అన్న మాటలున్నాయి గానీ నివారణ అన్న మాట లేదు. ఆ లోటు వల్ల, పనిచేస్తుందని రుజువైన న్యుమోనియా టీకాకు కూడా చాలాకాలం డబ్బు రాలేదు. కాంగ్రెస్ విడిగా చట్టం చేస్తే 1981లో వచ్చింది. సాక్ష్యం ఎంత గట్టిగా ఉన్నా చట్టంలో చోటు లేకపోతే గుమ్మంలోనే ఆగిపోతుంది.

పనితీరును మెరుగుపరచడానికి. ఇక్కడ సాక్ష్యం ఆయుష్షు లెక్క కాదు. కాక్లియర్ ఇంప్లాంట్‌నే చూడండి. వినికిడి యంత్రం పెట్టుకున్న మనిషికి రికార్డు చేసిన వాక్యాలు వినిపిస్తారు. ఎన్ని సరిగ్గా తిరిగి చెప్పగలిగారో శాతం లెక్క వేస్తారు. 2005లో ఆ శాతం 40 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే మెడికేర్ డబ్బు ఇచ్చింది. 40కీ 60కీ మధ్యనున్నవాళ్ళు అధ్యయనంలో చేరితే సరేనంది. ఆ అధ్యయనాల ఫలితాలు చూసి 2022లో గీతను 60కి జరిపింది. అక్కడి ప్రశ్న పెద్దవాళ్ళు పోగొట్టుకున్న వినికిడి గురించి. మన ఆరోగ్యశ్రీలో ఇదే ఆపరేషన్ పుట్టుకతో వినపడని పసిపిల్లలకు చేస్తారు. ఆ పిల్లల్లో మెరుగుదల తేలేది ఆపరేషన్ గదిలో కాదు, ఆ తరువాత నెలల తరబడి మాట నేర్పే శిక్షణలో. ఒకే యంత్రం అయినా చూడాల్సిన సాక్ష్యం వేరు.

సముచితం. ఈ మాట మీద జరిగినంత రాద్ధాంతం మరి దేనిమీదా జరగలేదు. 1989లో మెడికేర్ అధికారులు దీన్ని నిర్వచించబోయి, ఖర్చుకు తగ్గ ఫలితం ఉండాలన్న షరతు కూడా చేర్చబోయి, గోల లేవడంతో చివరికి విరమించుకున్నారు. 2021 జనవరిలో ఒక నిర్వచనంతో నియమం తెచ్చి, అమలు కాకముందే నవంబరులో రద్దు చేశారు.

ఇది ఎంత ప్రమాదకరమైన మాటో తెలియాలంటే మెడికేర్ బయటికి, ప్రైవేటు బీమా వైపు చూడాలి. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు ఒక కొత్త వైద్యం 1990ల్లో బాగా వ్యాపించింది. ముందుగా రోగి మూలకణాలు తీసి దాచి, మామూలుగా మనిషి తట్టుకోలేనంత కీమో ఇచ్చి, ఆ తరువాత దాచినవి ఎక్కించేవారు. మందు ఎంత ఎక్కువైతే గడ్డ అంత కరుగుతుందన్నది తర్కం. వినడానికి బాగానే ఉంది. తొలి ఫలితాలు కూడా పాత రోగుల రికార్డులతో పోలిస్తే ఎంతో మెరుగ్గా కనిపించాయి. ఈ వైద్యానికి ఎంచుకున్న స్త్రీలు చిన్న వయసువాళ్ళు, తొలి కీమోకు జబ్బు బాగా లొంగినవాళ్ళు. వాళ్ళు ఏ వైద్యంతోనైనా కొంత ఎక్కువకాలం బతికేవారే అన్నది ఆ పోలికలో మరుగున పడిపోయింది.

బీమా కంపెనీలు ఇది ఇంకా ప్రయోగమేనని డబ్బు ఇవ్వనన్నాయి. 1993లో కాలిఫోర్నియా జ్యూరీ ఒకటి, ఇలా నిరాకరించిన కంపెనీ మీద 8 కోట్ల 90 లక్షల డాలర్ల తీర్పు ఇచ్చింది. జ్యూరీ ముందున్నది చనిపోయిన ఒక తల్లి కథ. కంపెనీ లాభాపేక్ష కూడా వాళ్ళకు కనిపించింది. ఆ తీర్పు తరువాత కంపెనీలు బెదిరి డబ్బు ఇచ్చేశాయి. కొన్ని రాష్ట్రాలు ఇచ్చి తీరాలని చట్టాలు చేశాయి. అటు ర్యాండమ్‌గా రెండు జట్లు చేసి పోల్చే ట్రయల్స్‌కు మనుషులు దొరకలేదు. బయట ఖాయంగా దొరికేదాన్ని లాటరీలో ఎవరు వెతుక్కుంటారు? 30 వేల మందికి పైగా స్త్రీలు ఈ వైద్యం చేయించుకున్నారు. కొందరు వైద్యం వల్లే పోయారు. 1999లో ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. మామూలు కీమో కంటే మేలు లేదు. మేలుందని చెప్పింది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక్క ట్రయల్. అమెరికా డాక్టర్లు జొహానెస్‌బర్గ్ వెళ్ళి రికార్డులు తిరగేస్తే 2000లో అదీ కల్పన అని తేలింది.

ఆ తల్లి కథ అబద్ధం కాదు. కంపెనీ ఎలా ప్రవర్తించిందన్నదానికి అది గట్టి సాక్ష్యం. వైద్యం పనిచేస్తుందా అన్నదానికి మాత్రం కాదు. జ్యూరీ మొదటి ప్రశ్నకు జవాబు చెబితే దేశమంతా దాన్ని రెండో ప్రశ్నకు జవాబుగా తీసుకుంది.

అవసరం. సముచితం వైద్యం గుణం చెబుతుంది, అవసరం ఈ రోగికి అది కావాలా అని అడుగుతుంది. ఎంత మంచి ట్రయల్ అయినా ఇక్కడ సగం దూరమే తీసుకువెళుతుంది. మిగతా సగానికి పనికొచ్చేవి బిల్లులు. 1973లో జాన్ వెన్‌బర్గ్, ఆలన్ గిటెల్సన్ వెర్మాంట్ రాష్ట్రంలో ఊళ్ళవారీ లెక్కలు తీస్తే, టాన్సిల్స్ ఆపరేషన్లు ఒకచోట పదివేల మందికి 13, ఇంకోచోట 151. పిల్లల గొంతులు ఊరు మారితే మారవు గదా. మారింది డాక్టర్ల అలవాటు. ఒక్కో కేసును విడిగా చూస్తే ప్రతి ఆపరేషనూ అవసరమే అనిపిస్తుంది. అన్నీ కలిపి లెక్కవేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

దీనికి మన ఇంటి ఉదాహరణ గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్ళవే. ఆ ఆపరేషన్ పనికిరానిదని ఏ ట్రయలూ చెప్పదు, అది పనికొచ్చే రోగులు ఉన్నారు. అధిక రక్తస్రావంతో వచ్చిన 30 ఏళ్ళ మనిషికి ముందు మందులిచ్చి చూశారా, తీసేయడమే తేలిక అని చెప్పి పంపారా అన్నది కేసు షీటుకు గానీ తెలియదు. ప్రీ ఆథరైజేషన్‌లో స్కాన్ ఫిల్మ్ ఒకటి జతచేస్తే సరిపోతుందనుకున్నన్నాళ్ళూ ఈ ప్రశ్న ఎవరూ అడగరు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులో పెట్టాలంది. ఆ కేసు మొదలైంది బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ గ్రామాల్లో ఒక డాక్టరు కళ్ళారా చూసిన సంగతులతో.

అధ్యాహారం. మూలంలో లేని మాటను అర్థం కోసం వ్యాఖ్యాత తెచ్చి కలుపుకుంటాడు. ఈ వాక్యంలో అలా కలుపుకోవాల్సినవి రెండు. మొదటిది, *ఏ ఆధారంతో.*

ఎంఫసీమాలో ఊపిరితిత్తులు సాగిపోయి, గాలి లోపలే ఉండిపోయి, మనిషి నాలుగడుగులు వేస్తే ఆయాసపడతాడు. మరీ పాడైన భాగాన్ని కోసి తీసేస్తే మిగిలినదానికి చోటు దొరుకుతుందని 1950ల్లోనే ఒక సర్జన్ చేసి చూశాడు. దాన్ని 1990ల్లో సెయింట్ లూయిస్‌లో జోయెల్ కూపర్ మళ్ళీ మొదలుపెట్టాడు. తొలి 20 మంది ఫలితాలు ఆశ్చర్యపరిచాయి. చక్రాల కుర్చీలోంచి లేచి నడిచారన్న వార్తలు పాకాయి. ఏడాదిలోపే దేశమంతటా సర్జన్లు మొదలెట్టారు. మెడికేర్ తన బిల్లులు తిరగేసుకుంటే, ఆపరేషన్ అయినవాళ్ళలో ఏడాది తిరిగేసరికి అయిదుగురిలో ఒకరికి పైగా చనిపోయినట్టు కనిపించింది. ఆపరేషన్ వల్ల పోయారా, జబ్బు వల్లా? పోల్చడానికి రెండో జట్టు లేదు. చెల్లింపు ఆపేసింది. అయితే మెడికేర్ అక్కడితో చేతులు దులుపుకోలేదు. ట్రయల్‌లో చేరినవాళ్ళకు మాత్రం ఇస్తానంది.

17 కేంద్రాల్లో 1,218 మంది చేరారు. ముందు అందరికీ కొన్ని వారాల వ్యాయామ శిక్షణ. ఆ తరువాత సైకిల్ పరీక్ష: కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి, ఆక్సిజన్ అందిస్తూ, తొక్కుతుంటే బరువు కొద్దికొద్దిగా పెంచుతారు. ఆడవాళ్ళు 25 వాట్లు, మగవాళ్ళు 40 వాట్లు దాటి తొక్కలేకపోతే తక్కువ శక్తి జట్టు. అసలు జవాబు ఈ సైకిల్ మీదే తేలింది. 2001లోనే ఒక హెచ్చరిక వచ్చింది: ఊపిరి సామర్థ్యం మరీ పడిపోయిన ఒక రకం రోగుల్లో ఆపరేషనైన 69 మందిలో 16 శాతం నెలలోపే పోయారు, అదే రకం రోగుల్లో మందులతో ఉన్నవాళ్ళలో ఆ నెలలో ఒక్కరూ పోలేదు. 2003లో పూర్తి ఫలితం వచ్చింది. అందరినీ కలిపి చూస్తే మరణాల్లో తేడా లేదు. జబ్బు పై లోబ్‌లలో ఎక్కువగా ఉండి, సైకిల్ తొక్కే శక్తి తక్కువైనవాళ్ళు మాత్రం ఆపరేషన్‌తో ఎక్కువకాలం బతికారు. 2004 జనవరి నుంచి తగినవాళ్ళకు మెడికేర్ చెల్లించింది. వేలల్లో జరుగుతాయనుకున్న ఆపరేషన్లు ఏటా కొన్ని వందలు కూడా దాటలేదు. 20 మంది కథ, బిల్లుల లెక్క, ట్రయల్ మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చి, దేని పని అది చేశాయి. కథ ఆశ పుట్టించింది, బిల్లు అనుమానం పుట్టించింది, ట్రయల్ తేల్చింది. ఈ వరసే సరైనదని నాకనిపిస్తుంది.

సాక్ష్యం పోగుచేస్తేనే చెల్లిస్తానన్న ఈ బేరానికి తరువాత ఒక విధానంగా స్థిరమైన పేరు, నియమాలు వచ్చాయి. దానికి పెద్ద పరీక్ష 2021లో ఎదురైంది. అల్జైమర్స్ మందు అడుకనుమాబ్‌కు రెండు ట్రయల్స్ చేస్తే ఒకదాంట్లో స్వల్ప మేలు, రెండోదాంట్లో లేదు. ఎఫ్‌డీఏ సలహా సంఘంలో 11 మందిలో 10 మంది వద్దన్నారు, ఒకరు తటస్థం. అయినా మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీను తగ్గుతోంది కాబట్టి మేలు ఉండవచ్చని 2021 జూన్‌లో ఎఫ్‌డీఏ అనుమతించింది. ఏడాదికి 56 వేల డాలర్లు. అమిలాయిడ్ తగ్గిందన్నది స్కాన్ చెప్పే సంగతి. అమ్మ పొయ్యి ఆపడం గుర్తుపెట్టుకుంటోందా అన్నది ఇంట్లోవాళ్ళు చెప్పే సంగతి. వాక్యం అడిగేది రెండోదాన్ని. ఈ ట్రయల్స్‌లో వాడిన 18 పాయింట్ల కొలమానం కూడా అలా వచ్చిందే. జ్ఞాపకం, దారీ తేదీ గుర్తుండడం, ఇంటిపని, బట్టలు తొడుక్కోవడం లాంటి ఆరు విషయాల మీద రోగినీ, దగ్గరుండి చూసుకునేవాళ్ళనూ కూర్చోబెట్టి అడిగి అంకె వేస్తారు. ర్యాండమైజ్డ్ ట్రయల్‌ను ఒక పక్కా, ఇంటివాళ్ళ మాటను ఇంకో పక్కా పెట్టి కొట్లాడేవాళ్ళు దీన్ని మరిచిపోతారు. ఆ ట్రయల్ అడుగున ఉన్నది భార్యో భర్తో చెప్పిన మాటే. ఆ 18లో మేలు కనిపించిన ట్రయల్‌లో తేడా 0.39.

2022 ఏప్రిల్‌లో మెడికేర్, ఈ తరహా అనుమతి ఉన్న మందులకు ర్యాండమైజ్డ్ ట్రయల్‌లో చేరితేనే చెల్లిస్తానంది. ముసాయిదా మీద పదివేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళను ముసాయిదా ట్రయల్స్ నుంచి తప్పించింది. అల్జైమర్స్ వాళ్ళలో ఎక్కువ, అదీ చిన్నవయసులోనే వస్తుంది. కుటుంబాలు అడ్డం తిరిగాయి, తుది నిర్ణయంలో ఆ నిషేధం పోయింది. ఆ అభిప్రాయాలు మందు పనిచేస్తుందని రుజువు చేయలేదు. ఎవరి మీద పరీక్షించాలన్నది మార్చాయి. అది వాటి పని. మందు కంపెనీ 2024లో అడుకనుమాబ్‌ను మార్కెట్లోంచి తీసేసింది.

రెండో అధ్యాహారం *ఎంత ఖర్చుకు.* ఈ మాటను మెడికేర్ పైకి కలుపుకోదు. ఒక ఏడాది ఆరోగ్యకరమైన జీవితానికి ఇంత ధర అని గీత గీసి చెల్లింపు నిరాకరించకూడదని 2010 చట్టం కట్టడి చేసింది కూడా. కానీ ఖర్చు ఎటూ పోదు. 2022కి మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బి నెలసరి ప్రీమియం 148.50 డాలర్ల నుంచి 170.10కి పెరిగింది. ఆ పెంపులో దాదాపు సగం అడుకనుమాబ్ కోసం ముందుజాగ్రత్తగా వేసినదే. నిర్ణయంలోకి రానివ్వని ఖర్చు ముసలివాళ్ళ పింఛనులో కోతగా వచ్చింది. బ్రిటన్‌లో నైస్ సంస్థ దీన్ని దాచదు. 20 నుంచి 30 వేల పౌండ్ల మధ్య గీత ఉందని చాలాకాలం అందరికీ తెలిసేలా పనిచేసింది, తిట్లూ తిన్నది.

థాయ్‌లాండ్ అనుభవం ఈ రెండిటికంటే లోతైనది. అందరికీ ఆరోగ్యబీమా 2002 నాటికి వచ్చింది గానీ డయాలసిస్ అందులో లేదు. లెక్కకట్టినవాళ్ళు ఏ రకం డయాలసిస్ అయినా పెట్టిన డబ్బుకు తగదన్నారు. ఆ లెక్కలో తప్పు లేదు. దాని పక్కన ఇంకో లెక్క ఉంది: పొలం అమ్మి, అప్పు చేసి, చివరికి వైద్యం మానేసిన కుటుంబాలది. రోగులు దాన్ని ముందుకు తెచ్చారు. 2008లో ప్రభుత్వం డయాలసిస్‌ను చేర్చింది, కాకపోతే ముందు ఇంట్లో చేసుకునే పెరిటోనియల్ పద్ధతే అంది. గదిలో ఒక మూల శుభ్రం చేసుకుని, చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, రెండు లీటర్ల ద్రవం సంచి పైన తగిలిస్తే పొట్టలోకి దిగుతుంది. కొన్ని గంటలయ్యాక పాత ద్రవం కిందనున్న ఖాళీ సంచిలోకి వస్తుంది. రోజుకు నాలుగుసార్లు. ఆ సంచుల పెట్టెల్ని పోస్టువాళ్ళు ఊళ్ళకు చేర్చారు. 2022లో రోగులు తమకు నచ్చిన పద్ధతి ఎంచుకోవచ్చన్నారు. చాలామంది యంత్రం మీద చేసే డయాలసిస్ వైపు వెళ్ళారు, మొదలుపెట్టిన తొలి నెలల్లో మరణాలు పెరగడం కనిపించింది. 2025లో మళ్ళీ పెరిటోనియల్‌కే మొదటి పీట వేశారు. రోగి ఇష్టం, మరణాల లెక్క రెండూ సాక్ష్యాలే. ఆ రెండూ ఒకే వైపు చూపించాలన్న నియమం ఏమీ లేదు.

ఇక మన దగ్గర, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగికి ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద యంత్రం మీద డయాలసిస్ ఉచితం. వారానికి రెండు మూడు సార్లు పలాసకో సోంపేటకో వెళ్ళాలి. ఆటో ఖర్చు, ఆ రోజు పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ళ కూలి ప్యాకేజీ ధర నిర్ణయించే కాగితాల్లోకి రావు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. అది వచ్చేది ఆ ఆరోగ్య పథకం నుంచి కాదు, పింఛన్ల పథకం నుంచి.